అగ్నిపర్వతపు ఊపిరి

అగ్గిపుల్ల గీచిన క్షణమున ముక్కునకు సోకు ఘాటు మన యిండ్లలో అందరకును తెలిసినదే. గంధకము మండి గాలిలోని ప్రాణవాయువుతో కలియగా పుట్టిన వాయువు వలన ఆ ఘాటు కలుగును. రసాయన శాస్త్రజ్ఞులు దానిని సల్ఫర్ డైఆక్సైడు అందురు; మేము ఈ ప్రసంగమున గంధక వాయువని వ్యవహరింతుము. ఈ వాయువే దినమునకు వేలకొలది టన్నులుగా ఒక కొండ నోటినుండి వెడలుచున్నదనుకొందము. దానిని తూచుట యెట్లు? తూచిన యెడల ప్రయోజనమేమి?

మొదట ఆ వాయువు ఎక్కడిదో తెలిసికొందము. గోళీసోడాను చూడుడు. గోళీ బిగిసియున్నంతవరకు సీసాలోని నీరు నిశ్చలముగ నుండును. బొగ్గుపులుసు వాయువు ఒత్తిడికి లోబడి ఆ నీటిలో కరగియుండి కంటికి కనబడదు. గోళీని లోనికి నొక్కినతోడనే ఒత్తిడి తగ్గి, వాయువు బుడగలై పొంగి వచ్చును. భూమిలోపలి శిలాద్రవమును అట్టిదే. లోతున నున్నంతకాలము దానియందు నీటియావిరి, బొగ్గుపులుసు వాయువు, గంధక వాయువు మొదలగునవి కరగియుండును. ద్రవము పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గి బుడగలు పుట్టును. అవి రాతి పగుళ్ల వెంట మెల్లగా తప్పించుకొని పోయినచో కొండ పొగలు విడుచుచు ఊరకుండును. దారి దొరకనిచో కొండ ప్రేలును. కనుక కొండ విడుచు ఊపిరిని కొలుచుట, లోపల జరుగుచున్నదానిని తెలిసికొనుటకు ఒక ముఖ్యమైన మార్గము.

ఈ పనికి పూర్వులు సాహసించి కొండ నోటియొద్దకే పోయిరి. 1912లో ఆర్థర్ డే, షెపర్డ్ అను శాస్త్రజ్ఞులు హవాయి దీవులలోని కిలావియా బిలములోనికి దిగి, కుతకుతలాడు లావా చెంతనే వాయువును గొట్టములతో పట్టి తెచ్చి, అందు నీటియావిరి సమృద్ధిగా నున్నదని నిరూపించిరి. తరువాత న్యూజీలాండులో గిగన్‌బాక్ అను రసాయనవేత్త ఒక చక్కని సీసాను వాడుకలోనికి తెచ్చెను. సీసాలో కొంత కాస్టిక్ సోడా ద్రావణమును పోసి, తక్కిన గాలినంతయు తీసివేయుదురు. పొగ వెడలు రంధ్రమునకు గొట్టము అమర్చి సీసా బిరడా త్రిప్పగా, కొండ వాయువు లోనికి దూసికొని వచ్చును. ఆమ్ల స్వభావము గలవి ద్రావణములో కరగును. కరగనివి పైభాగమున నిలుచును. రెంటిని ప్రయోగశాలలో వేరువేరుగ పరీక్షింతురు. ఏ వాయువు ఏ పాళ్లలో నున్నదో ఇట్లు తెలియును. కాని దినమునకు మొత్తము ఎన్ని టన్నులు వెడలుచున్నదో ఈ సీసా చెప్పజాలదు.

దానికి వేరొక ఉపాయము కలదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములలో కొన్నింటిని గంధక వాయువు మ్రింగివేయును. పొగ మేఘము క్రింద నిలిచి ఆకాశమువైపు యంత్రమును త్రిప్పి, ఆ కిరణములు ఎంత తగ్గినవో చూచినచో, నెత్తిపై ఎంత వాయువున్నదో తెలియును. 1960 ప్రాంతములలో కెనడా దేశమున, కర్మాగారముల పొగను కొలుచుటకై ఇట్టి యంత్రమును నిర్మించిరి. దానికి కాస్పెక్ అని పేరు. 1970 తరువాత అగ్నిపర్వతములను పరీక్షించువారు దానిని చేపట్టిరి. బండిలోగాని విమానములోగాని యంత్రము నుంచుకొని, మేఘము ఈ అంచునుండి ఆ అంచువరకు దాని క్రిందుగా సాగిపోవుదురు.

ఇక లెక్క మన కాలువల లెక్కయే. కాలువలో ఎంత నీరు పారుచున్నదో తెలియవలెనన్నచో అడ్డుకోత వైశాల్యమును ప్రవాహ వేగముతో హెచ్చింతుము గదా! ఇచటను అట్లే, మేఘపు అడ్డుకోతలోని వాయు పరిమాణమును గాలి వేగముతో హెచ్చింపవలెను. పొరపాటు తరచుగా గాలి వేగము నొద్దనే జరుగును. సెకనుకు 5 మీటర్ల వేగమును 10 మీటర్లుగా తలచినచో ఫలితము రెండింతలగును.

నీటియావిరిని, బొగ్గుపులుసు వాయువును విడిచి గంధక వాయువునే ఏల పట్టుకొనవలెనని కొందరు అడుగవచ్చును. మొదటి రెండును గాలిలో ఇదివరకే కావలసినంత కలవు. వానిలో కొండ భాగమెంతయో వేరు చేయుట కష్టము. శుభ్రమైన గాలిలో గంధక వాయువు దాదాపు లేదు. కనుక కనబడినది కొండదేయని నిశ్చయింపవచ్చును.

ఈ కొలత ఎంతటి బరువును మోయునో 1991లో ఫిలిప్పీన్సు దేశపు పినటూబో పర్వతము చూపినది. ఇంచుమించు ఐదువందల యేండ్లు నిద్రించిన ఆ కొండ ఏప్రిల్ 2న ఆవిరి ప్రేలుళ్లతో మేలుకొనెను. ఆ దేశపు శాస్త్రజ్ఞులును, అమెరికా భూగర్భ పరిశోధన శాఖవారును కలసి పని కుపక్రమించిరి. మే 13న గంధక వాయువు దినమునకు సుమారు 500 టన్నులుండెను. మే 28 నాటికి 5,000 టన్నులు దాటెను. శిలాద్రవము పైకి వచ్చుచున్నదని స్పష్టమయ్యెను. ఇంతలో జూన్ 5న కొలిచి చూడగా 280 టన్నులు మాత్రమే తేలెను.

ఆ కొండ క్రింద కాపురముండు గృహస్థు ఈ వార్త వినినచో పొగ తగ్గినది, గండము గడచినదని ఊరట చెందును. శాస్త్రజ్ఞులకు అట్లు తోచలేదు. పొయ్యిమీద ఎసరు మరుగుచుండగా మూత అంచున ఆవిరి ఆగినచో, మంట ఆరియుండవలెను, లేదా మూత బిగిసియుండవలెను. మంట ఆరలేదని భూకంపలేఖినులు సాక్ష్యము పలికెను. మూతయే బిగిసినదని వారు తలచిరి. రెండు వారములలో ప్రేలుడు రావచ్చునను హెచ్చరిక ఆనాడే వెలువడెను. జూన్ 7న శిఖర సమీపమున లావా దిమ్మె పొడసూపెను. జూన్ 10న వాయువు 13,000 టన్నులకు మించెను; ఆ దినముననే క్లార్క్ విమానస్థావరము నుండి సుమారు 14,500 మందిని తరలించిరి. జూన్ 15న కొండ బ్రద్దలయ్యెను.

ఆనాడే తుపాను కూడ తోడై, వానకు తడిసిన బూడిద బరువున కప్పులు కూలి వందలకొలది జనులు మరణించిరి. అయినను ముందుగా తరలించుట వలన కనీసము ఐదువేల ప్రాణములు నిలిచినవని తరువాత అంచనా వేసిరి. ఆ ప్రేలుడులో ఆకాశమున కెగసిన గంధక వాయువు రెండు కోట్ల టన్నుల వరకు నుండునని ఉపగ్రహము కొలిచెను. అది ఆమ్లపు తుంపరలై ఎండను అడ్డగింపగా, మరుసటి సంవత్సరము భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గెను.

ఈ విజయమునకు మరుసటి యేడాదిన్నరకే ఒక విషాదము సంభవించెను. 1993 జనవరి 14న కొలంబియా దేశమున, గలేరాస్ బిలములోనికి దిగి పరిశోధించుచున్న శాస్త్రజ్ఞుల బృందముపై కొండ ఆకస్మికముగ ప్రేలెను. ఆరుగురు శాస్త్రజ్ఞులు, ముగ్గురు యాత్రికులు మరణించిరి. వారిలో వాయువును సీసాలలో పట్టుచుండినవారును కలరు. ఆనాడు కొండ శాంతముగనే కనబడినది.

నేడు మనుష్యుడు బిలములోనికి దిగవలసిన అవసరము కొంత తగ్గినది. కాస్పెక్ స్థానమున అరచేతిలో ఇముడు వర్ణపటమాపకములు వచ్చినవి. ఎట్నా, స్ట్రాంబోలీ వంటి కొండల అంచున నిలిపిన పెట్టెలు బొగ్గుపులుసు వాయువునకు, గంధక వాయువునకు గల నిష్పత్తిని కొలుచుచున్నవి. మొదటిది శిలాద్రవమునుండి మిక్కిలి లోతుననే విడివడును. కావున ఆ నిష్పత్తి హెచ్చినచో అడుగునుండి క్రొత్త ద్రవము వచ్చుచున్నదని ఊహింపవచ్చును. 2019లో పాపువా న్యూగినీలోని మానం కొండ పొగలోనికి మనిషి లేని చిన్న విమానములనే పంపి ఈ కొలత తీసిరి. మన దేశపు ఏకైక సజీవ అగ్నిపర్వతము అండమానులలోని బారెన్ దీవి. అట్టి నిర్జన ద్వీపములపై నుండి సాగు ఉపగ్రహములును గంధక వాయువును కనిపెట్టగలవు.

ఐనను అంకె యొక్కటే చాలదు. భూగర్భ జలము గంధక వాయువును కరగించుకొని మాటుపరుపవచ్చును. పగుళ్లు పూడిపోయి పొగను ఆపవచ్చును. అందుచేత వాయువు లెక్కను భూకంపముల లెక్కతోను, నేల ఉబ్బుతోను సరిచూచిన పిమ్మటనే శాస్త్రజ్ఞులు మాటాడుదురు. పొగ తగ్గినదని విన్నప్పుడు, ఏల తగ్గినదని వారు అడుగుదురు. పినటూబో క్రింది ఊళ్లవారు 1991 జూన్ మాసమున ఇల్లు విడిచి బయలుదేరినది ఆ ప్రశ్నకు దొరికిన సమాధానమును నమ్మియే.