నాన్న బీపీ, నా నడుము కొలత

మా నాన్న పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేస్తారు. రెండేళ్ల కిందట ఓసారి నైట్ షిఫ్టు దిగి, గేటు బయట టీ తాగి, అట్నుంచి అటే మెడికల్ షాపులో బీపీ చూపించుకున్నారు. 150/96. ఇంటికొచ్చి "రాత్రంతా నిద్ర లేదు గదరా, అందుకే పెరిగింది. ఏం గాదు" అన్నారు. మళ్లీ చూపించుకోలేదు.

మొన్న కళ్లజోడు కోసం వెళ్తే, కంటి డాక్టర్ లోపలి రక్తనాళాలు చూసి "మీకు బీపీ ఉందా?" అని అడిగారు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. బీపీతో చిక్కే అది. ఏ నొప్పీ లేకుండానే కళ్లు, కిడ్నీలు, గుండెను దెబ్బతీస్తుంది.

నిజానికి ఆ రోజు నాన్న చెప్పింది పూర్తిగా తప్పు కాదు. నిద్రలేమి, టీ, నడక, చివరికి మాట్లాడుతూ కూర్చున్నా బీపీ పెరుగుతుంది. తప్పల్లా మళ్లీ కొలవకపోవడమే. ఒక్క రీడింగ్ చూసి భయపడొద్దు, కొట్టిపారేయనూ వద్దు.

ఇలా కొలవాలి

టీ, సిగరెట్, వ్యాయామం అయ్యాక కనీసం అరగంట ఆగండి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీని చొక్కా మీద చుట్టొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఉదయం, సాయంత్రం అలా వారం రోజులు చేసి సగటు తీయండి.

పై అంకె గుండె రక్తాన్ని నెట్టినప్పటి ఒత్తిడి, కింది అంకె రెండు దెబ్బల మధ్య గుండె సేదతీరినప్పటిది. ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో 140/90, ఇంట్లో సగటున 135/85 దాటుతుంటే డాక్టర్‌ని కలవాల్సిందే. నాన్న వారం సగటు 146/92 వచ్చింది. మాత్ర మొదలైంది. నెలకే అంకె దిగింది. "ఇంక బందు పెడతా" అన్నారు. మాత్ర పనిచేస్తోంది కాబట్టే దిగింది నాన్నా అని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

మరి నా సంగతి?

నాకు 28. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. బీఎంఐ 23.5. ఫోన్లో యాప్ పచ్చరంగు చూపించింది. కానీ అది 25 వరకు నార్మల్ అనే లెక్క. మన భారతీయులకు 23 దాటితేనే అధిక బరువు. టేపు పెడితే నడుము 92 సెంటీమీటర్లు! మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదు.

2004లో 'లాన్సెట్' జర్నల్లో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. పుణెకి చెందిన యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా కనిపించినా లోపల కొవ్వు ఉండొచ్చని చెప్పడానికి ఆ ఒక్క ఫొటో చాలు.

నా పరగడుపు షుగర్ 108 వచ్చింది. 100 లోపు నార్మల్, 126 నుంచి మధుమేహం. మధ్యలో ఉన్నది ప్రీడయాబెటిస్. దాదాపు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.8. అక్కడ 5.7 నుంచే హెచ్చరిక, 6.5 నుంచి మధుమేహం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ప్రీడయాబెటిస్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఆ రెండో గుంపులో నేనూ ఉన్నాను. కాకపోతే అక్కడి నుంచి వెనక్కి రావచ్చు.

పెద్దగా చేసిందేమీ లేదు. రాత్రి పదిన్నరకి ఆర్డర్ పెట్టే బిర్యానీ మానేసి, ఎనిమిదికే తింటున్నా. అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర పెంచా. కొన్ని రాత్రులు జొన్నరొట్టె. జొన్నల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972 నుంచి మా పటాన్‌చెరులోనే ఉంది, మా ఇంట్లోకి జొన్నలు రావడానికి మాత్రం ఇన్నాళ్లు పట్టింది! అయితే రొట్టె అని నాలుగు లాగిస్తే ఫలితం ఉండదు. తిన్నాక పావుగంట నడక. నాన్నకి పచ్చడి, అప్పడం తగ్గించాం. అన్నీ కలిపి ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించొద్దు.

ఆరు నెలలకి బరువు రెండు కిలోలే తగ్గింది. నడుము 88కి, హెచ్‌బీఏ1సీ 5.6కి వచ్చాయి. బరువు ఒక్కటే చూసుకుని ఉంటే ఎప్పుడో విసుగొచ్చి మానేసేవాణ్ని.

30 ఏళ్లు దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఇంట్లో పెద్దవాళ్లని ఈ వారమే తీసుకెళ్లండి. మీ ఇంట్లో ఎవరికైనా ఇవి ఉంటే, మీరు 30 వచ్చేదాకా ఆగొద్దు.

ఇప్పుడు మా వంటింటి క్యాలెండర్లో పాల లెక్క పక్కనే నాన్న చేతిరాతతో బీపీ లెక్క కూడా ఉంటోంది. నిన్నటిది 128/82.