జపానునుండి నేర్వవలసిన దేమి?

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి అఫ్జల్‌గంజ్ ప్రాంతమును ముంచివైచెను. వేలకొలది జనులు ప్రాణములు గోల్పోయిరి. పిమ్మట నగరరక్షణకై నిజాము ప్రభుత్వము రప్పించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారు 1898లోనే జపానును దర్శించి, ఆ జాతి విద్యను, పరిశ్రమను మెచ్చినవారు. 1922లో నిజాము సంస్థానపు విద్యాశాఖాధ్యక్షులు సయ్యద్ రాస్ మసూద్‌గారును జపానున కేగి, అచ్చటి విద్యావిధానమును గూర్చి గ్రంథము రచించిరి. ఒక ఆసియాజాతి స్వశక్తిచే పాశ్చాత్యులకు దీటుగా నిలుచుట మన పెద్దలకు గొప్ప ధైర్యము నొసంగినది.

ఆ మెప్పు న్యాయమైనదే. కాని ఆ శ్రమకు మూల్య మెవరు చెల్లించిరి? జపాను కుటుంబము. రెండవ ప్రపంచయుద్ధానంతరము, భర్తకు కచేరి, భార్యకు ఇల్లు అను కట్టుబాటు పట్టణములందు బలపడెను. పైయధికారి లేవకముందు తాను లేచిపోవుట అమర్యాద. పని ముగిసిన పిదప తోడివారితో విందునకు బోవుటయు కర్తవ్యమే. తండ్రి యిల్లు చేరునప్పటికి బిడ్డలు నిద్రించుచుందురు. అతిశ్రమచే గలుగు మరణమునకు ‘కరోషి’ యను ప్రత్యేకపదమే ఆ భాషలో బుట్టినది. 12 కోట్లకు పైబడిన జనులు గల ఆ దేశమున 2024లో జన్మించిన శిశువులు 7 లక్షలకు లోపే. ఇందులకు కారణములు పెక్కు గలవు. పనిభారము వానిలో నొకటి.

ప్రభుత్వము చూచుచు నూరకుండలేదు. 2014లో కరోషి నివారణకు శాసనము చేసిరి. 2018 శాసనము అదనపు పనిని సామాన్యముగా నెలకు 45, ఏటికి 360 గంటలకు మితపరచెను. శిశువును సాకుటకు తండ్రికిని సెలవు హక్కు గలదు. అయినను 2023లో దానిని వాడుకొన్నవారు నూటికి 30 మందియే. శాసన మిచ్చినదానిని ఆచారము హరించుచున్నది.

ఇది పరదేశపు ముచ్చట యని తలంపరాదు. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వము, దుకాణములు దక్క తక్కిన వాణిజ్యసంస్థలలో దినమునకు 10 గంటల వరకు పని చేయించుట కనుమతించి, వారమునకు 48 గంటల మితి నుంచినది. మించినచో అదనపు వేతన మీయవలెను. మితి యుండుట మంచిదే. కాని కాగితముపై మితి యింటికి వెలుగు గాదు.

అఫ్జల్‌గంజ్ వర్తకుడైనను, పల్లెలోని భూస్వామియైనను, తనకడ పనిచేయువాని కొక యిల్లు గలదని మరువరాదు. యజమాని లేచిననే గుమాస్తా లేచును. కావున వేళకు తలుపు మూయుట యజమాని ధర్మము. జపానువారి శ్రద్ధను నేర్తము. వారు నేడు దిద్దుకొనుచున్న దోషమును మాత్రము మనము క్రొత్తగా నెత్తుకొనవలదు.