పది పదిహేను వరుసల్లో మాటల పరీక్ష

హోసూరు చుట్టుపక్కల తెలుగు బడుల పిల్లలు తమిళం కూడా చదవాలి. తమిళనాడు 2006లో తెచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. మన పిల్లలు మాట్లాడటంలో వెనుకబడరు, చిక్కంతా రాతలోనే. పైగా మోసం చేసే మాటలుంటాయి. మనకు ‘వీడు’ అంటే ఈ పిల్లాడు, తమిళంలో ఇల్లు!

ఇలాంటి మాటలు వల్లె వేయించడానికి యాప్ కొననక్కర్లేదు. పైథాన్‌తో టీచరే చిన్న ప్రోగ్రాం రాసుకోవచ్చు. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన ఈ కంప్యూటర్ భాష ఉచితం. పేరు పాముది కాదు, ‘మాంటీ పైథాన్’ అనే బీబీసీ హాస్య కార్యక్రమానిది.

నోట్‌ప్యాడ్‌లో వరుసకు ఒక జత చొప్పున తెలుగు మాట, కామా, తమిళ మాట టైపు చేయండి. ప్రోగ్రాం ఆ ఫైలు చదివి, ‘షఫుల్’ ఆజ్ఞతో వరుసలను కలగాపులగం చేసి, ఒక్కో తెలుగు మాటా చూపిస్తుంది. తమిళ టైపింగ్ రాని పిల్లలు జవాబును పలక మీద రాసి, ఎంటర్ నొక్కి సరిచూసుకుంటారు. తప్పయితే సున్నా నొక్కాలి. ఆ మాటలు వేరే జాబితాలో చేరి మళ్లీ వస్తాయి, ఇంకో ఫైల్లోనూ నమోదవుతాయి. నాకు అన్నిటికంటే విలువైనది ఆ రెండో ఫైలే. రేపు ఏం చెప్పాలో టీచరుకు అదే చూపిస్తుంది. అంతా కలిపి పది పదిహేను వరుసలు. అందంగా లేకపోయినా ఫరవాలేదు, మీ తరగతికి పనికొస్తే చాలు.

రెండు జాగ్రత్తలు. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు పనికిరావు, యూనికోడ్‌లోనే టైపు చేయాలి. ఫైలు తెరిచే ఆజ్ఞలో యూటీఎఫ్-8 అని చెప్పకపోతే విండోస్‌లో అక్షరాలు చెడిపోవచ్చు. విండోస్ నల్ల తెరపై ఒత్తులు విడిపోతే, పైథాన్‌తోపాటు వచ్చే ఐడిల్‌లో నడిపి చూడండి.

ఆజ్ఞలు ఇంగ్లిష్‌లోనే ఉండాలి గానీ, ‘మాటలు’, ‘తప్పులు’ అని మనం పెట్టుకునే పేర్లు తెలుగులో ఉండొచ్చు. ఎనిమిదో తరగతి పిల్లలైతే వాళ్లచేతే రాయించండి. ‘తెలుగు’ అనే మాట పొడవెంతో ‘లెన్’ ఆజ్ఞతో అడగమనండి. మన లెక్కలో మూడక్షరాలు, పైథాన్ ఆరంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము.