హైడ్రాంజియాకు నేను చేసిన వైద్యం

వృత్తిరీత్యా నేను వైద్యుణ్ణి. అయినా మా ఇంటి ముందున్న హైడ్రాంజియా మొక్కకు నాలుగేళ్ళపాటు నేను చేసిన వైద్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా అమ్మ తెనాలి నుంచి న్యూజెర్సీ వచ్చిన వేసవిలో, నర్సరీలో నీలం బంతుల్లా పూసిన ఆ మొక్కను చూసి ముచ్చటపడింది. ఇంటి గోడ పక్కన తన చేత్తోనే నాటింది. మోకాళ్ళ నొప్పుల వల్ల మళ్ళీ ఇంత దూరం రాలేకపోయింది. ఏటా జూన్, జూలైల్లో ఫోన్లో ఒకటే ప్రశ్న: "నా మొక్క పూసిందా నాయనా?"

"పూసిందమ్మా, నీలంగా, గుత్తులు గుత్తులుగా" అనేవాణ్ణి. అంతా అబద్ధం. ఆకులు తప్ప ఒక్క పువ్వు లేదు.

బలం చాల్లేదేమోనని పచ్చికకు వేసే ఎరువే దానికీ వేశాను. అందులో నత్రజని ఎక్కువ, ఆకులు ఇంకా ఏపుగా పెరిగాయి. మధ్యాహ్నం వాడిందని రోజూ ఆకులన్నీ తడిసేలా నీళ్ళు చల్లాను. ఆకుల మీద ఊదారంగు మచ్చలొచ్చాయి.

నాలుగో ఏడు ఉండబట్టలేక అమ్మకు నిజం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "చలికాలం ముందు దాన్నేం చేస్తున్నావురా?"

"మన మల్లెకు నువ్వు చేసినట్టే. ఆకు రాలగానే మోకాలెత్తుకు కత్తిరిస్తున్నాను."

"మల్లె కొత్త చిగురుకు పూస్తుంది. ఇది దేనికి పూస్తుందో కనుక్కున్నావా?"

రోగి చరిత్ర అడగకుండా మందు రాసిన డాక్టర్ని నేను! పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఈ పెద్దాకు రకం వచ్చే ఏటి మొగ్గను ఈ ఏడు వేసవి చివర్లోనే పాత కొమ్మల మీద కట్టుకుంటుంది. ఏటా నవంబరులో నేను కత్తిరించి పారేసింది అమ్మ పువ్వులనే.

కాబట్టి మిత్రులారా, కత్తెర పట్టేముందు మీది ఏ రకమో చూసుకోండి. తెల్లగా పూసే అనబెల్ లాంటివి కొత్త కొమ్మకే పూస్తాయి, చలికాలం చివర్లో కత్తిరించవచ్చు. పెద్దాకు రకమైతే పూలు వాడగానే వాటి కిందివరకే తుంచండి. మొగ్గలు మంచుకు మాడకుండా చలికాలంలో చుట్టూ వలకట్టి ఎండుటాకులు నింపండి. ఎండలో వాడిన ఆకులు సాయంత్రానికి తేరుకుంటే కంగారుపడకండి, పొద్దున్నే వాడి ఉంటే నీళ్ళు కావాలన్నమాట. నీళ్ళు మొదట్లోనే పోయండి. మచ్చలున్న ఆకులు రాలితే ఏరిపారేయండి. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపైతే తరచు అది ఇనుము లోపం. మట్టిలో సున్నం ఎక్కువైతే ఇనుము వేళ్ళకు అందదు. ముందు మట్టి పరీక్ష చేయించండి.

కత్తెర, పచ్చిక ఎరువు మానేశాక వచ్చిన రెండో వేసవిలో పదకొండు గుత్తులు పూశాయి. వెంటనే తెనాలికి ఫోన్ చేశాను.

"పూసిందమ్మా! కానీ గులాబీ రంగులో. మట్టి పుల్లగా ఉంటే అల్యూమినియం వేళ్ళకు అంది నీలం వస్తుందట. పరీక్ష చేయిస్తే మన గోడ పక్క మట్టిలో సున్నం ఎక్కువని తేలింది."

అమ్మ నవ్వింది. "గులాబీ రంగా? అయితే ఈసారి నిజంగానే పూసిందన్నమాట!"