లోతును విడదీసి చూపే సూక్ష్మదర్శిని

ఒక బాక్టీరియా జీవకణం లోపలికి చొరబడిందా, లేక పైపొరకు అంటుకుని మాత్రమే ఉందా? రోగం ఎలా మొదలవుతుందో తెలుసుకోవాలంటే ఈ ప్రశ్నకు సమాధానం కావాలి. కాని మామూలు సూక్ష్మదర్శినిలో పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపించవచ్చు. పక్కపక్కన ఉన్న బిందువులను విడదీసినంత బాగా, ఒకదాని కింద ఒకటి ఉన్న వాటిని ఈ పరికరం విడదీయలేదు.

కాంతి వివర్తనం వల్ల సూక్ష్మదర్శినికి ఒక హద్దు ఉందని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ అబ్బే 1873లో వివరించాడు. 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతితో, నూనె చుక్క వేసి వాడే మేలురకం కటకంతో చూసినా, సుమారు 180 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న బిందువులు కలిసిపోతాయి. (మిల్లీమీటరులో పది లక్షలవ వంతు నానోమీటరు.) లోతు దిశలో ఈ హద్దు మూడు, నాలుగు రెట్లు ఎక్కువ.

ఎందుకీ తేడా? వెలిగే బిందువు నుంచి కాంతి అన్ని వైపులకూ పోతుంది. కటకం ఉండేది ఒకవైపే. శంకువు ఆకారంలో తన వైపు వచ్చిన కాంతినే అది గ్రహిస్తుంది. అందువల్ల బిందువు ప్రతిబింబం గుండ్రంగా ఉండక, నిలబెట్టిన వడ్లగింజలా సాగుతుంది. దీనికితోడు పైపొరల, కిందిపొరల కాంతి బొమ్మను మసకబారుస్తుంది.

ఈ మసకను తొలగించే ఉపాయానికి అమెరికాకు చెందిన మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటు కోరాడు. కాంతిని ఒక్క బిందువుపై కేంద్రీకరించి, దాని ప్రతిబింబం ఏర్పడే చోట సూదిబెజ్జమంత రంధ్రం ఉంచడమే ఆ ఉపాయం. ఆ బిందువు కాంతి రంధ్రం గుండా పోతుంది. ఇతర పొరల కాంతి అక్కడికి వచ్చేసరికి విస్తరించి ఉంటుంది కనుక చాలావరకు ఆగిపోతుంది. ఇలా పొర తరువాత పొర చూసి, కంప్యూటరుతో కణం ఘనరూపాన్ని కూర్చవచ్చు. దీన్నే కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని అంటారు.

అయినా వడ్లగింజ కొంత పొట్టిదయిందే తప్ప గుండ్రం కాలేదు. 1990ల ఆరంభంలో స్టెఫాన్ హెల్ జర్మనీలో మరో మార్గం చూపాడు. నమూనాకు రెండువైపులా కటకాలు అమర్చితే, ఎదురెదురు కాంతి తరంగాల వ్యతికరణం వల్ల మధ్యలో సన్నని ప్రకాశవంతమైన పొర ఏర్పడుతుంది. లోతు దిశలో హద్దు సుమారు 100 నానోమీటర్లకు తగ్గుతుంది. దానికి పైనా కిందా ఏర్పడే చిన్న పొరల ప్రభావాన్ని గణితంతో తీసివేయాలి. ఇదే ఫోర్-పై పద్ధతి. రెండు కటకాలనూ అతి కచ్చితంగా అమర్చవలసి రావడం దీనిలోని కష్టం.

వెయ్యి నానోమీటర్ల మందం గల బాక్టీరియా లోపల ఉందో, పైన ఉందో తేల్చడానికి సాధారణంగా కాన్‌ఫోకల్ చాలు. కణంలోని అంతకన్నా సూక్ష్మమైన భాగాలు ఒకదానినొకటి తాకుతున్నాయో లేదో తెలియాలంటేనే ఫోర్-పై వంటి పద్ధతులు అవసరమవుతాయి.