డెస్క్‌టాప్ కంప్యూటరులో విద్యుత్ సరఫరా లోపాలు

డెస్క్‌టాప్ కంప్యూటరు అసలు ఆన్ కాకపోవడం, ఆన్ అయిన వెంటనే ఆగిపోవడం, పని మధ్యలో తనంతట తానే రీస్టార్ట్ కావడం వంటి సమస్యలలో ముందుగా పరిశీలించవలసిన భాగం ఎస్.ఎం.పి.ఎస్. గోడ సాకెట్టు నుండి వచ్చే 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తును ఇది కంప్యూటరు భాగాలకు కావలసిన తక్కువ వోల్టేజి గల డి.సి. విద్యుత్తుగా మారుస్తుంది. అయితే ఇటువంటి లోపాలన్నిటికీ ఎస్.ఎం.పి.ఎస్. కారణం కాదు. పరీక్షించకుండా దానిని మార్చడం వలన డబ్బు వృథా కావడమే గాక అసలు లోపం అలాగే మిగిలిపోవచ్చు.

తీగలు, వోల్టేజీలు

1995లో ఇంటెల్ సంస్థ ప్రవేశపెట్టిన ఏ.టి.ఎక్స్. ప్రమాణంలో ప్రతి తీగకు ఒక రంగు నిర్ణయించబడింది. పసుపు తీగలో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు ఉంటాయి. నలుపు గ్రౌండు. ఈ మూడు వోల్టేజీలలో 5 శాతం వరకు హెచ్చుతగ్గులు ఉండవచ్చు. అనగా పసుపు తీగలో 11.4 కంటే తక్కువ, 12.6 కంటే ఎక్కువ ఉంటే లోపమున్నట్లే. తీగలన్నీ నల్లగా ఉండే మోడళ్ళలో పిన్ను స్థానాన్ని బట్టి గుర్తించాలి.

ఊదా తీగలోని 5 వోల్టులు కంప్యూటరు షట్‌డౌన్ అయి ఉన్నప్పుడు కూడా మదర్‌బోర్డుకు అందుతూనే ఉంటాయి. కొన్ని బోర్డులపై ఎప్పుడూ వెలిగే చిన్న దీపానికి కారణం ఇదే. కనుక ర్యామ్ తీసే ముందు షట్‌డౌన్ చేస్తే చాలదు, ప్లగ్గు కూడా తీసివేయాలి.

లోపాన్ని గుర్తించడం

కంప్యూటరు పూర్తిగా నిశ్శబ్దంగా ఉంటే ముందుగా సాకెట్టును, పవర్ కేబులును, ఎస్.ఎం.పి.ఎస్. వెనుక ఉన్న స్విచ్చును చూడాలి. బోర్డుపై దీపం వెలుగుతున్నా బటన్ పనిచేయకపోతే, బోర్డుపై ఆ బటన్ తీగలు తగిలించే రెండు పిన్నులను స్క్రూడ్రైవరు కొనతో ఒక్క క్షణం కలిపి చూడాలి. కంప్యూటరు ఆన్ అయితే లోపం బటన్‌దే. అతి చవకైన ఈ భాగం కోసం మదర్‌బోర్డును మార్చేవారు కూడా ఉన్నారు.

ఎస్.ఎం.పి.ఎస్.ను విడిగా పరీక్షించడానికి ప్లగ్గు తీసి, కేబుళ్ళన్నిటినీ విడదీసి, పెద్ద కనెక్టరులోని ఆకుపచ్చ తీగను ఒక నల్ల తీగతో కలిపి, తరువాత స్విచ్చు వేయాలి. ఫ్యాను తిరిగినంత మాత్రాన అది బాగున్నట్లు కాదు. లోడు లేనప్పుడు సరిగా ఉన్న వోల్టేజి, ప్రాసెసరు పూర్తి వేగంతో పనిచేసేటప్పుడు పడిపోవచ్చు. ఆటలు ఆడేటప్పుడు మాత్రమే రీస్టార్ట్ అయ్యే కంప్యూటరులలో దీనిని అనుమానించాలి. వేడెక్కడం వలన కూడా ఇలా జరుగుతుంది.

ఫ్యాన్లు తిరుగుతూ తెరపై ఏమీ రాకపోతే ర్యామ్‌ను తీసి మళ్ళీ గట్టిగా అమర్చాలి. ప్రాసెసరు దగ్గర ఉండే 4 లేదా 8 పిన్నుల కనెక్టరును తగిలించడం మరచినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

ఆన్ అయిన వెంటనే ఆగిపోవడం తరచుగా షార్ట్ సర్క్యూట్‌కు సూచన. హార్డ్ డిస్కు, డి.వి.డి. డ్రైవు, కార్డులను ఒక్కొక్కటిగా విడదీస్తూ చూస్తే కారణమైన భాగం బయటపడుతుంది. ప్రతిసారీ ప్లగ్గు తీయడం తప్పనిసరి. 2000వ దశకం తొలి సంవత్సరాలలో నాసిరకం కెపాసిటర్ల వలన అనేక మదర్‌బోర్డులు పాడయ్యాయి. పైభాగం ఉబ్బిన కెపాసిటరు కంటికే కనిపిస్తుంది.

జాగ్రత్తలు

ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను విప్పరాదు. లోపలి పెద్ద కెపాసిటరులో సుమారు 325 వోల్టులు నిల్వ ఉంటాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా ఇవి కొంతసేపు నిలిచి ఉండవచ్చు. ఇది ప్రాణాపాయకరం.

క్యాబినెట్టును తాకినప్పుడు చేయి జివ్వుమంటే సాధారణంగా అది ఇంటి ఎర్తింగు లోపం. ఎస్.ఎం.పి.ఎస్. లోని ఫిల్టరు కెపాసిటర్ల ద్వారా అతి స్వల్ప విద్యుత్తు క్యాబినెట్టుకు చేరుతుంది. ఎర్త్ తీగ ఉంటే అది భూమిలోకి పోతుంది. సాకెట్టులో మూడవ రంధ్రం ఉన్నా దానికి తీగ కలపని పాత ఇళ్ళలో ఎస్.ఎం.పి.ఎస్.ను ఎన్నిసార్లు మార్చినా ఈ సమస్య తీరదు, ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగు చేయించవలసిందే.