మిరప మంట, ఎండ మంట: దేహవ్యవస్థల సమష్టి కృషి

పల్నాడు జిల్లాలోని ఈపూరు పరిసరములలో మిరప రైతులకు ముఖ్యమైన పంటలలో ఒకటి. కాయలు కోయుట, కల్లములో ఆరబోయుట, తాలుకాయలు ఏరుట, బస్తాల కెత్తుట - ఈ పనులన్నిటిలోను మనుషుల చేతులు మిరపను తాకుచునే యుండును. సాయంకాలమునకు ఆ చేతులు భగ్గున మండును. కాని ఆ చేతికి ఉష్ణమాపకమును ఆనించి చూచినచో అది మామూలు వేడిమినే చూపును. వేడి లేకున్నను మంట ఉన్నది! నిప్పు తాకినను 'మంట' అందుము, కారము తగిలినను 'మంట' యే అందుము. ఈ ఒక్క మాట వెనుక శరీరశాస్త్ర సత్య మొకటి ఉన్నది.

ఒకే ద్వారము

మిరపకాయ ఘాటునకు కారణము కాప్సైసిన్ అను పదార్థము. ఇది గింజలలోకంటె, గింజలు అంటుకొనియుండు లేతరంగు కండలో అధికముగా ఉండును.

మన చర్మమునందును, నాలుకయందును బాధను తెలియజేయు నాడీతంతువుల కొనలు వ్యాపించియున్నవి. వీనిలో కొన్నిటిపై ప్రోటీనుతో నిర్మితమైన అతిసూక్ష్మ ద్వారములు కలవు. వేడిమి సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడును మించగానే ఈ ద్వారములు తెరచుకొనును. అప్పుడు కాల్షియము, సోడియము అయానులు లోనికి ప్రవేశించి, విద్యుత్సంకేతము పుట్టును. ముఖము, నాలుకల నుండి నేరుగాను, చేతులు, కాళ్ల నుండి వెన్నుపాము మీదుగాను ఆ సంకేతము మెదడును చేరును. 'కాలుచున్నది' అని మెదడు గ్రహించును.

కాప్సైసిన్ తగిలినప్పుడు, వేడి లేకున్నను ఈ ద్వారమే తెరచుకొనును. మెదడునకు చేరు వార్త కూడ అదియే. ఈ సంగతిని 1997లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ జూలియస్ బృందము కనుగొన్నది. 2021 సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని జూలియస్, స్పర్శగ్రాహకములను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్ పంచుకొనిరి.

పక్షులకును ఇట్టి ద్వారము ఉన్నది గాని, అది కాప్సైసిన్‌కు స్పందించదు. అందువలననే చిలుక పండుమిరపకాయను హాయిగా తినగలుగుచున్నది.

కారము తిన్నవానికి ముఖము ఎఱ్ఱబడును, చెమట పోయును. ఎండలో నిలిచినవానికిని ఇవే కలుగును. మెదడు కారమును వేడిగా భావించి, దేహమును చల్లబరచు సాధనములను కదిలించినదన్నమాట. ఇది ఉత్తుత్తి హెచ్చరిక. నిజమైన వేడి వచ్చినప్పుడు ఆ సాధనములు ఎట్లు పనిచేయునో చూతము.

వేడిమి జమాఖర్చులు

రెంటచింతల ఎండలు తెలుగువారి కందరికిని తెలిసినవే. పల్నాటిలో మిరపకోతలు సాగు కాలము క్రమముగా ఎండలు ముదురు కాలముగా మారును.

మన దేహాంతర్భాగమున ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు ఉండవలెను. పని చేయునప్పుడు కండరములు వినియోగించు శక్తిలో నాల్గవ వంతు, లేక అంతకు తక్కువ మాత్రమే పనిగా మారును, మిగిలినదంతయు వేడియే. కావున మనిషికి బయట సూర్యుడు, లోపల కండరములు - రెండు పొయ్యిలు.

చుట్టునున్న గాలి చర్మముకంటె చల్లగా ఉన్నంతవరకు దేహము వేడిని గాలికి ఇచ్చుచుండును. గాలి చర్మముకంటె వేడెక్కినచో వ్యవహారము తలక్రిందులగును. గాలియే దేహమునకు వేడి నిచ్చును. అప్పుడు మిగులు ముఖ్యోపాయ మొక్కటే, చెమట ఆవిరియగుట. కూజాలో నీరు వేసవియందు చల్లబడుటకును కారణ మిదియే.

ఒక గ్రాము చెమట ఆవిరియగునప్పుడు సుమారు 580 కెలోరీల వేడిని తీసికొనిపోవును. లీటరు చెమటకు 580 కిలోకెలోరీలు. ఇంత వేడి 60 కిలోగ్రాముల మనిషి దేహములోనే నిలిచిపోయినచో, అతని ఉష్ణోగ్రత 11 డిగ్రీలకు పైగా పెరుగవలెను! చెమట విలువ ఎంతటిదో విద్యార్థులు ఈ లెక్కవలన గ్రహింపవచ్చును. అయితే చెమట ఆవిరి కావలెను. నేలపై కారిపోయిన చెమట చల్లబరచదు. సముద్రతీరమున గాలిలో తేమ అధికము. అందుచేత అచ్చట ఉష్ణోగ్రత తక్కువగా ఉన్నను ఉక్క బాధించును.

ఏ వ్యవస్థ ఏమి చేయును?

ఈ పని ఏ ఒక్క అవయవమునకును సాధ్యము కాదు.

నాడీవ్యవస్థ ఆజ్ఞ ఇచ్చును. మెదడు అడుగుభాగముననున్న హైపోథాలమస్, తనలోనికి వచ్చు రక్తపు వేడిని, చర్మమునుండి వచ్చు వార్తలను సరిచూచుకొనుచుండును.

రక్తప్రసరణ వ్యవస్థ వేడిని మోయును. చర్మములోని రక్తనాళములు వెడల్పగును. మామూలుగా నిమిషమునకు అరలీటరు వరకు చర్మమునకు పోవు రక్తము, తీవ్రమైన వేడిలో ఆరేడు లీటర్లకు పెరుగవచ్చును. విశ్రాంతి సమయమున గుండె నిమిషమునకు పంపు మొత్తము రక్తమే సుమారు 5 లీటర్లు. కావున గుండె వేగము హెచ్చక తప్పదు.

చర్మము వేడిని వెలికి పంపును. అందు ఇరువది నుండి నలువది లక్షల స్వేదగ్రంథులు కలవు. ఎండలో కష్టించువాని ఒంటినుండి గంటకు లీటరు చెమట పోవుట అరుదు కాదు.

అంతస్స్రావ వ్యవస్థయు, విసర్జన వ్యవస్థయు నీటిని పొదుపు చేయును. రక్తములో నీరు తగ్గినప్పుడు పీయూషగ్రంథి నుండి ఒక హార్మోను వెలువడి, నీటిని నిలుపుకొనుమని మూత్రపిండములకు తెలుపును. అధివృక్కగ్రంథి హార్మోను ఉప్పును కాపాడును. అందుచేతనే ఎండలో మూత్రము తగ్గి, చిక్కని పసుపు రంగు పొందును. ఇది నీరు త్రాగుమను హెచ్చరిక.

జీర్ణవ్యవస్థ నష్టమును పూరించును. గ్లూకోజు తోడుగా ఉన్నప్పుడు చిన్నప్రేవులు ఉప్పులోని సోడియమును త్వరగా పీల్చుకొనును. నీరు దాని వెంట పోవును. ఓ.ఆర్.ఎస్. పొట్లము ఈ సూత్రముపైననే పనిచేయును. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి కూడ నీటితోబాటు ఉప్పును అందించును.

లెక్క తప్పినప్పుడు

చెమట వలన తరుగు నీరు కొంత రక్తమునుండియే పోవును. ఒక వైపు రక్తము తగ్గుచుండగా, చర్మమునకు రక్తము కావలెను, పనిచేయు కండరములకును కావలెను. గుండె ఈ రెంటిని తీర్చలేని దశలో తలతిరుగుట, నీరసము, వాంతి కలుగును. అప్పుడే పని మాని, నీడకు చేరి, నీరు త్రాగవలెను. ఉపేక్షించినచో లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మెదడు దెబ్బతినును. తికమకగా మాటలాడుట, మూర్ఛ దాని గుర్తులు. ఇదియే వడదెబ్బ. చెమట ఆగిపోవుట అందరిలోను కనబడదు. కష్టించి పనిచేయుచు పడిపోయినవానికి చెమట పట్టియే ఉండవచ్చును.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించిరి. కావున ఇది పరీక్షకు చదివి మరచిపోదగిన పాఠము కాదు. వడదెబ్బ తగిలినవానిని వెంటనే నీడకు చేర్చవలెను. ఒంటినిండ నీరు పోసి విసరవలెను. ఆలస్యము చేయక 108 వాహనమును పిలువవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవును.

దేహము ఎండకు అలవాటుపడుటకు ఒకటి, రెండు వారములు పట్టును. ఆపైన చెమట త్వరగా పట్టును, అందులో ఉప్పు తగ్గును. అందుచేత చాలకాలము తరువాత పొలములో దిగినవారికి మొదటి రోజులే అపాయకరమైనవి. వారు తొలి దినములలో పనివేళలు తగ్గించుకొని, ఉదయముననే పని ముగించుట మేలు.

ఇక మిరప మంట సంగతి. కాప్సైసిన్ నీటిలో కరుగదు, నూనెలో కరుగును. కావున మండు చేతులను వట్టి నీటితో కడుగుటకంటె, ముందు నూనె రాచి, పిదప సబ్బుతో కడుగుట మేలు. నాలుక మండినప్పుడు పెరుగు పనిచేయును. మిరప మంట కొంతసేపటికి తానే చల్లారును. ఎండ మంట అట్టిది కాదు. దానిని చల్లార్చుటకు దేహవ్యవస్థలన్నియు కలసి పాటుపడును గాని, వాటికి కావలసిన నీటిని, ఉప్పును, నీడను, విశ్రాంతిని మనమే సమకూర్చవలెను.